వల లేని మంద

కంచె చూపించమన్నాను. డాక్టరమ్మ తన ఫోను చూపించింది.

ఫోనులో పొలం బొమ్మ ఉంది. దాని మీద వేలితో గీత గీసి, "ఇదే కంచె" అంది.

ఆమె పేరు హైమావతి. ఆదోని నుంచి ఆలూరు పోయే దారిలో కొత్తగా పెట్టిన గొర్రెల పరిశోధన కేంద్రానికి ఆమే పెద్ద. అమెరికాలో చదివి వచ్చింది. చుట్టుపక్కల గొర్రెల కాపర్లందరినీ పిలిపించి, షెడ్డులో కుర్చీలు వేయించి, టీ ఇప్పించింది. ఊరికే టీ ఇచ్చేవాళ్ళను నేను నమ్మను. నా కూతురు సుంకులమ్మ తాగింది. నేను తాగలేదు.

గోడ మీద బొమ్మలు వేసి చెప్పింది. ఒకప్పుడు అమెరికాలో మైదానాలన్నీ తెరిచి ఉండేవట. ఎవరి పశువులు ఎక్కడైనా మేసేవట. పంట వేసినవాడికి పంట మిగిలేది కాదట. అప్పుడు తీగకు ముళ్ళు చుట్టడం కనిపెట్టారు. కొన్నేళ్ళలో మైదానమంతా ముక్కలు ముక్కలుగా మూసుకుపోయింది. ఎవరి ముక్కలో వాళ్ళు దున్నుకున్నారు.

"ట్రాక్టరు సంగతి అందరికీ తెలుసు. అంతకన్నా ముందు అక్కడి వ్యవసాయాన్ని నిలబెట్టింది ఒక ముళ్ళతీగ" అంది. "మనం ఇప్పుడు ఆ తీగ కూడా లేకుండా చేస్తున్నాం."

"ఆడ అంతకుముందు మందలు తోలుకుంటా ఉండినోళ్ళు ఏమైనారు తల్లీ?" అని అడిగాను.

ఆమె ఒక్క క్షణం ఆగింది. "వేరే పనులు చూసుకున్నారు."

"ఏం పనులు?"

ఆమె నవ్వి బొమ్మ మార్చింది. సుంకులమ్మ నా చెయ్యి గిల్లింది.

తర్వాత మమ్మల్ని బయటికి తీసుకుపోయారు. ఖాళీ నేల. ఒక వైపు గొర్రెలు, ఇంకో వైపు తొట్టి నిండా శనగపొట్టు. మధ్యలో ఏమీ లేదు. దొడ్డి తలుపు తీయగానే గొర్రెలు పొట్టు కోసం పరుగెత్తాయి. సగం దూరం వచ్చి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయాయి. చెవులు వెనక్కి పోయాయి. ముక్కుపుటాలు అదిరాయి. ముందు వరసలో ఒకటి నిలబడిన చోటే ఉచ్చ పోసింది.

అట్లా ఆగడం నేను ఎరుగుదును. నల్లరేగడి చేలలో, గాలి మన మీదికి వీస్తున్నప్పుడు.

"తోడేలు" అన్నాను.

డాక్టరమ్మ ముఖం వెలిగింది. "సరిగ్గా చెప్పారు. చెవి మొదట్లో చిన్న బిళ్ళ పెడతాం. గీత దగ్గరికి రాగానే తోడేలు వచ్చిందని ఆ బిళ్ళ గొర్రె తలకు చెబుతుంది. నొప్పి ఉండదు. కరెంటు కాదు."

"అంటే దానికి అబద్ధం చెప్తాది."

"నాయినా, ఊరుకో" అంది సుంకులమ్మ.

*

మంద పెట్టడం మా పని. ఎండాకాలం కోతలయ్యాక రైతు పిలుస్తాడు. గొర్రెలను రాత్రికి అతని చేలో పండుకోబెడతాం. పెంట, ఉచ్చ ఆ చేనికి ఎరువు. రైతు మాకు జొన్నలో డబ్బో ఇస్తాడు. మరుసటి రాత్రి ఇంకో చేను. అట్లా చేను చేనుకూ జరుగుతూ తుంగభద్ర దాకా పోతాం. వానలు పడ్డాక వెనక్కి వస్తాం. గొర్రెలు చెదరకుండా చుట్టూ గుంజలు పాతి వల కడతాం. వలను ఆనుకుని ఎవరో ఒకరు పండుకోవాలి.

నా భార్య ఈరమ్మ వల పక్కన పండుకున్నప్పుడే పాము కరిచింది. ఆస్పత్రికి మోసుకుపోయేసరికి కాళ్ళు నల్లగా ఉబ్బాయి. ఈరమ్మ ప్రాణం పోయేదాకా ఆ కాళ్ళను సుంకులమ్మ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మొగుణ్ని వదిలేసి మా దగ్గరికి వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఎందుకు వదిలేశావని నేను అడగలేదు. తను చెప్పలేదు.

కేంద్రం నుంచి తిరిగి వచ్చే దారిలో సుంకులమ్మే మాట ఎత్తింది.

"బిళ్ళలు పెట్టిచ్చుకుందాం నాయినా. ఊరికే ఇస్తారంట."

"అందుకే వద్దంటుండా."

"వల మోసేది ఉండదు. గుంజలు పాతేది ఉండదు. రాత్రి చేలో ఒకరు పడి ఉండాల్సిన పని లేదు."

"మా నాయిన పండుకున్యాడు, మా తాత పండుకున్యాడు."

"అమ్మ గూడా పండుకునింది" అంది.

ఆ తర్వాత నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టని తను అనుకుంది.

బిళ్ళలు పెట్టే రోజున కర్రిమేకను తుమ్మచెట్ల వెనక కట్టేశాను. మందకు ముందు నడిచేది అదే. గొర్రె తనంతట తాను దారి పట్టదు, మేక ఎటు పోతే అటు పోతుంది. మందలో ఒక్క తలకాయ అయినా వాళ్ళ మాట వినకుండా ఉండాలని నా ఆలోచన. కేంద్రం మనిషి గొర్రెలను చూశాడు. మేక సంగతి అడగలేదు.

మొదటి ఏడు బాగా జరిగింది. సాయంత్రం సుంకులమ్మ ఫోను తీసి చేను చుట్టూ గుండ్రంగా గీత గీసేది. గొర్రెలు గీత దాకా పోయి, బెదిరి, నడిమికి చేరేవి. తెల్లవారే దాకా కదిలేవి కావు. సుంకులమ్మ చేను దాటి, ఏదో ఒక అరుగు మీద కాళ్ళు ముడుచుకోకుండా పడుకునేది. వలను ఆమే ఎవరికో అమ్మేసింది. నేను మాత్రం చేలోనే కంబళి పరుచుకునేవాణ్ని.

"దేనికి కాపలా?" అని రైతులు నవ్వేవాళ్ళు.

"ఫోనుకు" అనేవాణ్ని.

మమ్మల్ని చూసి చిప్పగిరి వాళ్ళు పెట్టించుకున్నారు. హొళగుంద వాళ్ళు పెట్టించుకున్నారు. మరుసటి ఎండాకాలానికి ఆ దారిలో వల మోసే కాపరి లేడు.

*

రెండో ఏడు భీమిరెడ్డి చేను గట్టు దగ్గర మంద ఆగింది.

పట్టపగలు. ఫోనులో గీత లేదు. కర్రిమేక గట్టెక్కి అటు దిగింది. వెనక గొర్రెలు గట్టు కింద ఆగి, మూతులు నేలకు ఆనించి, వాసన చూసి, వెనక్కి తోసుకున్నాయి. కర్రతో అదిలించాను. ఈల వేశాను. ఒకదాన్ని కొమ్ము పట్టి లాగాను. మోకాళ్ళ మీద పడింది తప్ప రాలేదు.

భీమిరెడ్డి చేలో నిలబడి చూస్తున్నాడు. "ఏం లింగప్పా, మీ గొర్రెలకు మా చేను చేదైపాయనా? పోయినేడు బాగనే పండుకున్యాయే."

"ఎండకు బెదిరినాయిలే రెడ్డీ."

"ఎండకు బెదిరే గొర్రెలేంటికప్పా మనకు, కోళ్ళను మేపుకో పో."

చుట్టూ తిప్పి వేరే దారిన తోలుకుపోయాం. ఆ దారిలోనూ ఒకచోట ఆగాయి. బిళ్ళలు చెడిపోయాయేమోనని సుంకులమ్మ చాకుతో చెవులు గీరి అన్నీ తీసేసింది. చేతులు నెత్తురయ్యాయి. అయినా గొర్రెలు ఆగే చోట ఆగుతూనే ఉన్నాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలకు బిళ్ళలే పెట్టలేదు. అవి కూడా ఆగాయి. తల్లులకన్నా ముందే ఆగాయి.

నేను ఒక పిల్లను చంకలో పెట్టుకుని కేంద్రానికి పోయాను. సుంకులమ్మ నా వెనకే వచ్చింది.

డాక్టరమ్మ పిల్లను బల్ల మీద నిలబెట్టి గిట్టల మధ్య వేలు పెట్టింది. అక్కడ చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి జిడ్డు ఊరుతుంది. గొర్రె నడిచిన దారిని ఇంకో గొర్రె పట్టుకునేది దానితోనే. అది మాకు తెలిసిందే. మాకు తెలియనిది ఆమె చెప్పింది.

"బెదిరినప్పుడు ఈ జిడ్డు మారుతోంది. గీత దగ్గర బెదిరిన ప్రతి గొర్రె దాన్ని నేలకు పూస్తోంది. మిగతావి ఆ వాసనకు బెదిరి మళ్ళీ పూస్తున్నాయి. బిళ్ళ తీసేసినా గీత నేల మీద ఉండిపోతోంది." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "పిల్లలకు ఆ భయం కడుపులోనే అందుతోంది. ఇక బిళ్ళలతోనే పని లేదు. మా తొట్ల దగ్గర కొద్దిగా చూశాం గానీ, ఇంత గట్టిగా ఎక్కడా రాలేదు. మీ దగ్గర ఎందుకు వచ్చిందో..."

"గీతలు శానా ఉన్నాయి గదమ్మా, అందుకేమో" అంది సుంకులమ్మ.

"చాలా అంటే? మీ పొలానికి ఒక్కటే కదా."

"మాకు పొలం యాడుంది?"

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి గీత ఎక్కడ గీస్తున్నారు?"

"యాడ మంద పెడితే ఆడ. రోజుకొక చేను. మంద అంటే అదే కదమ్మా."

ఆమె పిల్లను వదిలేసింది. అది బల్ల మీద నుంచి దూకింది. ఎవరూ పట్టుకోలేదు.

అమెరికాలో ఒకసారి కంచె వేస్తే మనవళ్ళ దాకా అదే కంచేనట. ఆ లెక్కన చేసిన వస్తువు. రోజూ ఇల్లు మార్చేవాడి చేతికి ఇస్తే ఏమవుతుందని ఆమె అడగలేదు. మేము చెప్పలేదు. మాకు అది చెప్పాల్సిన సంగతే కాదు. సూర్యుడు తూర్పున వస్తాడని డాక్టరుకు ఎవరు చెబుతారు?

ఆమెకు నిజంగా తెలియదా? ఆ రోజు ఆమె ముఖం చూసి తెలియదనే అనుకున్నాను. తర్వాత చాలాసార్లు ఆ ముఖాన్ని గుర్తు తెచ్చుకుని చూశాను. ఒక్కోసారి ఒక్కోలా కనపడుతుంది.

*

వానలు పడలేదు. మూడో ఎండాకాలం నదికి చేరకపోతే గొర్రెలు బతకవు. బయలుదేరాం.

ఆలూరు నుంచి తుంగభద్ర దాకా నేల మీద గుండ్రాలు ఉన్నాయి. మేము గీసినవి, చిప్పగిరి వాళ్ళు గీసినవి, హొళగుంద వాళ్ళు గీసినవి. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. నా కంటికి బీడు నేల. వాటి ముక్కుకు తోడేళ్ళ ఊరు. సందుల్లోంచి, వంకల్లోంచి, తారురోడ్డు మీదుగా తోలుకుంటూ పోయాం. రోడ్డు మీద వాసన నిలవదు. రోడ్డు మీద గడ్డీ ఉండదు.

నది కనుచూపు మేరలో ఉందనగా మంద పూర్తిగా ఆగిపోయింది. నాపరాళ్ళ బీడు అది. ముందుకు పోవు. పక్కకు పోవు. వచ్చిన దారి కూడా మూసుకుపోయింది, వస్తూ వస్తూ బెదిరి అవే దాన్ని పూసుకుంటూ వచ్చాయి. ఆ బీటి మీద గొర్రెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, తలలు లోపలికి పెట్టి నిలబడ్డాయి. నీళ్ళ వాసన గాలిలో వస్తోంది. అవి ఆ వైపు చూస్తున్నాయి.

కర్రిమేక నదికి పోయి కడుపు నిండా తాగి వచ్చింది. మళ్ళీ వాటి ముందు నిలబడి అరిచింది. ఒక్కటీ కదలలేదు.

కొన్నింటిని ఎత్తుకుని గీత దాటించాం. దించగానే పడుతూ లేస్తూ మందలోకి ఉరికాయి. నీళ్ళు బిందెలతో మోశాం. మందకు బిందెలతో నీళ్ళు ఎన్నాళ్ళు మోయగలం? బళ్ళారి కసాయివాళ్ళ లారీ ఒకటి రోడ్డు పక్కకు వచ్చి ఆగింది. మేము పిలవలేదు. డ్రైవరు దిగలేదు. బీడీ తాగుతూ కూర్చున్నాడు. ఎదురుచూడటం అతని పని.

సుంకులమ్మ డాక్టరమ్మకు ఫోను చేసింది.

ఆమె జీపులో వచ్చి మందను చూసింది. నీళ్ళు తాగమని మాకే సీసాలు ఇచ్చింది. విరుగుడు ఉందని చెప్పింది. ఒక్క సూది. భయం పోతుంది.

"పోతే ఎట్లుంటాదో చూపిచ్చు" అన్నాను.

"టైము లేదు లింగప్ప గారూ."

"నాకుంది."

నన్ను జీపులో కేంద్రానికి తీసుకుపోయింది. వెనక షెడ్డులో సూది వేసిన గొర్రెలు ఉన్నాయి. నిగనిగలాడుతున్నాయి. తలుపు తీసింది. గీత మీదుగా నడిచి తొట్టి దగ్గరికి పోయాయి.

"చూశారా" అంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఏ గొర్రే ఇంకో గొర్రెను ఆనుకుని లేదు. తలా ఒక మూల మేస్తున్నాయి. చేతిలోని కర్రతో రేకు మీద గట్టిగా కొట్టాను. ఒకటి తల తిప్పి చూసి మళ్ళీ మేసింది. కాపలా కుక్క మొరుగుతూ లోపలికి వచ్చింది. ఒక గొర్రె దాని దగ్గరికి నడిచి మూతి వాసన చూసింది. కుక్కే వెనక్కి తగ్గింది. మూలన ఒక పిల్ల తల్లి కోసం అరుస్తోంది. తల్లి పక్కనే ఉంది. పాలు నిండి పొదుగు వేలాడుతోంది. ఆ అరుపు దానికి అందడం లేదు.

"ఇవి మందగా నడుస్తాయా?"

"నడుస్తాయి. ఏ గీతైనా దాటుతాయి."

"మందగా నడుస్తాయా అని అడిగినా."

ఆమె మొదటి రోజు మైదానాల మనుషుల సంగతి అడిగినప్పుడు ఆగినట్టే ఆగింది.

*

తిరిగి వచ్చి, బీటి మీద సుంకులమ్మకు చెప్పాను. మందను కట్టి ఉంచేది మేక కాదు, నేను కాదు. వెనకబడితే ఒంటరినవుతానన్న భయం. అది తీసేస్తే మిగిలేది గొర్రెలు. మంద కాదు.

"గొర్రెలైనా మిగుల్తాయి కదా" అంది.

"వాళ్ళకు మందలే వద్దు. అది అర్థం కాలేదా నీకు? ఈ బీళ్ళు ఖాళీ గావాల. మొదటి దినం నుంచి అదే కత."

"అయితే కానీ. ఎండకు మాడి చచ్చేకంటే నయం. నీకు అందరూ దొంగలే నాయినా. టీ ఇచ్చినోళ్ళు దొంగలు. నేనూ దొంగనే."

"వల అమ్మింది నువ్వు."

ఆ మాట ఎందుకన్నానని ఎవరైనా అడగొచ్చు. నిజం కాబట్టి అన్నాను.

సుంకులమ్మ బిందె కింద పెట్టింది. "అవును, నేనే అమ్మినా. నేను వలకాడ పండుకోలేను. కండ్లు మూస్తే అమ్మ కాళ్ళే కనపడ్తాయి. నువ్వు పండుకుంటావు. నీకేం కనపడదు. నీకు గొర్రెలు తప్ప ఎప్పుడేం కనపడినాది?"

నేను కర్రిమేక వైపు తిరిగాను.

సూదులు వేశారు. గొర్రెల కాళ్ళు సుంకులమ్మే పట్టింది. నేను పట్టలేదు. ఈరమ్మ తన చేత్తో పాలు పట్టి పెంచిన ముసలి గొర్రె ఒకటి మందలో ఉంది. నుదుట తెల్ల మచ్చ, చుక్కది అని పిలిచేది. దాన్ని ఎత్తుకుపోయి బీటి చివర బండ చాటున పెట్టి, పైన కంబళి కప్పాను. సుంకులమ్మ చూసింది. డాక్టరమ్మకు చెప్పలేదు.

సాయంత్రానికి మందు తలకెక్కింది. ఆనుకుని ఉన్న గొర్రెలు ఒకదాని నుంచి ఒకటి విడివడ్డాయి. ఉడికిన అన్నం మెతుకులు విడినట్టు. ఒకటి గీత దాటింది. ఇంకోటి ఇంకో వైపు దాటింది. కొన్ని నదికి పోయాయి. కొన్ని మిరప చేలోకి పోయాయి. కొన్ని రోడ్డెక్కాయి. హారను కొడుతున్న లారీకి ఎదురుగా నడిచాయి, గడ్డివామికి ఎదురు నడిచినట్టు. నేను ఈల వేశాను. మా నాయిన నేర్పిన ఈల, ఏ చేలో ఉన్నా వాటిని లేపే ఈల. ఒక్క తల కూడా తిరగలేదు. సుంకులమ్మ ఒకదాని వెనక, ఇంకోదాని వెనక పరుగెత్తింది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఊరుకుంది. వదిలితే తన దారిన పోయింది.

బళ్ళారి లారీ డ్రైవరు బీడీ పారేసి దిగాడు. అతనికి తరమాల్సిన పని కూడా రాలేదు. వెనక పలక దించితే కొన్ని వాటంతట అవే ఎక్కాయి.

కర్రిమేక బీటి మధ్యలో ఒంటరిగా నిలబడి అరిచింది. వెనక ఎవరూ లేరు.

డాక్టరమ్మ జీపు దగ్గర నిలబడి చూస్తోంది. చేతిలో ఫోను ఉంది. బొమ్మ తీస్తోందో, ఊరికే పట్టుకుందో నాకు తెలియదు. తీస్తోందనే అనుకుంటాను.

*

ఇప్పుడు ఆలూరు దారిలో మందలు లేవు. బీళ్ళకు నిజం ముళ్ళతీగ వచ్చింది. లోపల ఏం కడతారో బోర్డు మీద ఇంకా రాయలేదు. రైతులు పెంట కోసం ఆదోని అంగడిలో సంచులు కొంటున్నారు. భీమిరెడ్డి ఒకసారి కనపడి, మీ గొర్రెలుంటే బాగుండు లింగప్పా అన్నాడు. నేను విననట్టు పోయాను.

సుంకులమ్మ కేంద్రంలో గడ్డి వేస్తుంది. వేరే పని చూసుకుంది. నెలకొకసారి బియ్యం, ఉప్పు తెచ్చి బీటి అంచున పెట్టి కూర్చుంటుంది. చుక్కదానికి ఎట్లుందని అడుగుతుంది. బాగుందంటాను. ఆమెకు ఎట్లుందని నేను అడగను.

చుక్కది ఆ బీడు దాటి రాదు. ఎత్తుకుని దాటిస్తే, వణికి, మేత మాని, వెనక్కి పాకుతుంది. అందుకని నేనే అక్కడ రాళ్ళు పేర్చి, పైన రేకు వేసుకున్నాను. మా వంశంలో ఒకచోట ఇల్లు కట్టినవాణ్ని నేనే. పొద్దున్నే బిందె ఎత్తుకుని నదికి పోతాను. కర్రిమేక తోడు వస్తుంది. నీళ్ళు తెచ్చి చుక్కదానికి పోస్తాను. అది తాగుతూ ఒక కన్ను నా మీద ఉంచుతుంది, పోతానేమోనని. మందలో మిగిలిన భయం అదొక్కటే.

నదికి పోయేటప్పుడు ఒకచోట నా కాలు ఆగుతుంది. రాయి లేదు, ముల్లు లేదు. నేను మనిషిని, నాకు ఆ వాసన తెలియదు. బిందె ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుని, నేల వైపు చూడకుండా దాటుతాను.